ఏ ప్రశ్నకు ఏ గుమ్మం? హైదరాబాద్ విశ్వవిద్యాలయం గురించి ఒక పాఠం



కిందటి సంవత్సరం పన్నెండో తరగతి విద్యార్థిని ఒకామె ఒక కాగితం పట్టుకొని మా దగ్గరికి వచ్చింది. విశ్వవిద్యాలయాల పేర్లు వరుసగా రాసి, పక్కన ర్యాంకులు వేసుకుంది. వాళ్ళ నాన్నగారు సైన్యంలో పనిచేస్తారు. పన్నెండేళ్ళలో ఆ అమ్మాయి ఐదు బడులు మారింది. "వీటిలో ఏది మంచిది?" అని అడుగుతుందనుకున్నాం. ఆమె అడిగింది వేరు. "దరఖాస్తుల్లో స్థానికులా, కాదా అని అడుగుతున్నారు టీచర్. మేము ఎక్కడి స్థానికులం?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పన్నెండేళ్ళ సర్వీసులో మాకూ ఇది ఐదో ఊరు. ఎన్నికల జాబితాలో పేరు ఒక ఊళ్ళో, సామాను ఒక ఊళ్ళో, సొంత ఇల్లు ఇంకో ఊళ్ళో ఉన్న రోజులు మాకూ తెలుసు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ జాబితాలోని ఒక పేరును తీసుకున్నాం. ర్యాంకు సంగతి పక్కన పెట్టి, అక్కడ ఎవరు ఏం పరిశోధిస్తున్నారో చదివాం. ఆ చదువే ఈ పాఠం.

ఒకే సవరణలో రెండు సంగతులు

మేము తీసుకున్న పేరు హైదరాబాద్ విశ్వవిద్యాలయం. ఇది కేంద్ర విశ్వవిద్యాలయం. దీని పుట్టుక వెనక చిన్న చరిత్ర ఉంది.

1969లో తెలంగాణలోనూ, 1972లో ఆంధ్ర ప్రాంతంలోనూ పెద్ద ఉద్యమాలు జరిగాయి. ఉద్యోగాలు, చదువులు ఎవరికి దక్కాలన్నది వాటిలో ముఖ్యమైన ప్రశ్న. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి రాజ్యాంగాన్ని 32వసారి సవరించారు. ఆ సవరణతో రెండు అధికరణలు చేరాయి. 371 డి అనే అధికరణ విద్యలో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటుకు దారి వేసింది. దాని పక్కనే ఉన్న 371 ఇ, ఆంధ్రప్రదేశ్‌లో పార్లమెంటు చట్టం ద్వారా ఒక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పవచ్చని చెప్పింది. దాని ఫలితమే 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం.

స్థానికత నియమం ఎక్కడ పుట్టిందో, దేశమంతటి పిల్లలకు తెరిచిన ఈ గుమ్మమూ అక్కడే పుట్టింది. స్థానికుడు అనిపించుకోవాలంటే ఒక ప్రాంతంలో వరుసగా కొన్నేళ్ళు చదివి ఉండాలి. కొన్ని మినహాయింపులు ఉన్నా, బదిలీల మీద తిరిగే కుటుంబాలకు ఇది ఇబ్బందే. కేంద్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశాలు అఖిల భారత స్థాయిలో జరుగుతాయి. 2022 నుంచి డిగ్రీ స్థాయి ప్రవేశాలకు ఉమ్మడి పరీక్ష పెట్టారు. దాన్ని రాయగల 13 భాషల్లో తెలుగు కూడా ఉంది.

ఈ విశ్వవిద్యాలయం మొదట్లో నడిచిన ఇల్లు కూడా బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళదే. నగరం నడిబొడ్డున ఆబిడ్స్‌లో ఉన్న ఆ ఇంటి పేరు గోల్డెన్ త్రెషోల్డ్. అది సరోజినీ నాయుడు గారి ఇల్లు. ఆమె తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ బెంగాలీ. రసాయన శాస్త్రం చదివి, హైదరాబాదు వచ్చి, ఇక్కడ కళాశాల విద్యకు పునాది వేసినవారిలో ఒకరయ్యారు. తరువాత విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోని రాళ్ళగుట్టల మధ్యకు మారింది.

ఇక్కడ స్కూలంటే బడి కాదు

విశ్వవిద్యాలయం గురించి చదివేటప్పుడు మొదట తికమక పెట్టే మాట "స్కూలు". స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ, స్కూల్ ఆఫ్ ఫిజిక్స్, స్కూల్ ఆఫ్ హ్యుమానిటీస్ అని ఉంటాయి. మన భాషలో స్కూలంటే బడి. అక్కడ మాత్రం దగ్గర దగ్గర శాస్త్రాలన్నీ ఒక గూటికి చేరిన కుటుంబం. ఆ కుటుంబంలో విడివిడి ఇళ్ళు విభాగాలు. ఉదాహరణకు మానవీయ శాస్త్రాల స్కూల్లో తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, తత్త్వశాస్త్రం విభాగాలు ఉన్నాయి. సరోజినీ నాయుడు పేరు మీద ఉన్న స్కూల్లో నృత్యం, రంగస్థలం, చిత్రకళ, ప్రసార మాధ్యమాలు ఉన్నాయి. అన్నీ కలిపి పదికి పైగా స్కూళ్ళు.

ప్రతి స్కూలుకూ పట్టు చిక్కిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఒక విశ్వవిద్యాలయం దేనిలో గట్టిదో తెలియాలంటే ఆ ప్రశ్నలు చూడాలి. నాలుగు గుమ్మాల దగ్గర ఆగి చూద్దాం.

మొదటి గుమ్మం: రసాయన శాస్త్రం

పెన్సిల్ ములుకులోని గ్రాఫైటూ వజ్రమూ ఒకే పదార్థం, కర్బనం. పరమాణువుల అమరికే తేడా. ఒకటి కాగితం మీద అరిగిపోతుంది, ఇంకొకటి గాజును కోస్తుంది. మందుల విషయంలోనూ ఇంతే. ఒకే మందు అణువులు రెండు రకాలుగా పేర్చుకుంటే, ఒక రకం స్ఫటికం నీళ్ళలో తేలిగ్గా కరగవచ్చు, మరొకటి కరగకపోవచ్చు. కరగని మందు ఒంటికి పట్టదు. 1998లో హెచ్.ఐ.వి. రోగులు వాడే రిటోనవిర్ అనే మందుకు సరిగ్గా ఇదే జరిగింది. అంతకు ముందు ఎరుగని కొత్త రకం స్ఫటికం తయారీలో పుట్టుకొచ్చింది. అది సరిగా కరగలేదు. ఆ గొట్టాల మందును అమ్మకం నుంచి వెనక్కి తీసుకుని మళ్ళీ వేరే విధంగా తయారు చేయాల్సి వచ్చింది.

అణువులు ఎందుకు అలా పేర్చుకుంటాయి? మనకు కావలసినట్టు పేర్చగలమా? ఈ ప్రశ్న చుట్టూ పెరిగిన శాస్త్రమే స్ఫటిక ఇంజనీరింగ్. దీనికి ప్రపంచంలో పేరు తెచ్చినవారిలో గౌతమ్ దేశిరాజు ఒకరు. 1979 నుంచి 2009 వరకు ఆయన ఈ విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు. అణువుల మధ్య ఉండే బలహీనమైన హైడ్రోజన్ బంధాలను పట్టించుకోవాలని చూపించారు. ఈ శాస్త్రం మీద ఆయన పుస్తకం 1989లో వచ్చింది. మొత్తం ముప్ఫై ఏళ్ళు ఒకే ప్రశ్నతో గడిపారు. ఆ తరువాత ఆయన బెంగళూరు వెళ్ళారు. ఒక విభాగం బలం ర్యాంకులో ఒక్క ఏడాదిలో కనబడి పోయేది కాదు. ఇలా ఏళ్ళ తరబడి పోగవుతుంది.

రెండో గుమ్మం: జీవశాస్త్రాలు

మదనపల్లె టమాటా మార్కెట్టు గురించి మీరు వినే ఉంటారు. ధర పడిపోయిన ఏడాది రైతులు బుట్టలకొద్దీ టమాటాలను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిపోతారు. పండు నాలుగు రోజులు ఎక్కువ నిలిస్తే దూరపు ఊళ్ళకు పంపవచ్చు. రైతు బేరానికి ఆగవచ్చు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం జీవశాస్త్రాల స్కూల్లో టమాటా జన్యువుల మీద పనిచేసే కేంద్రం ఒకటి ఉంది. అక్కడ రకరకాల మార్పులున్న టమాటా మొక్కలను పెంచుతారు. ఏ జన్యువు మారితే పండు ఎప్పుడు ఎర్రబడుతుంది, ఎంత కాలానికి మెత్తబడుతుంది, పోషకాలు ఎలా మారతాయి అని చూస్తారు. పరిశోధనశాలలో తేలింది పొలానికి చేరడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఒక్కోసారి చేరకపోవచ్చు కూడా. అయినా, పండు ఎందుకు పండుతుందో తెలియకుండా అది ఎందుకు కుళ్ళుతుందో తెలియదు. మీ ఇంట్లో కూరగాయల బుట్టలో ఉన్న సంగతే అక్కడ పరిశోధన అంశం.

మూడో గుమ్మం: భాష

మా తరగతిలో ఒకరోజు "మూడు" అనే మాటను పిల్లల ఇళ్ళలో ఏమంటారో అడిగాం. కన్నడం పిల్లవాడు "మూరు" అన్నాడు. తమిళం అమ్మాయి "మూన్ఱు" అంది. మలయాళం వాళ్ళు "మూన్ను" అన్నారు. నల్లబల్ల మీద వరుసగా రాసి, పక్కన గోండీ మాట "మూండ్" కూడా చేర్చాం. తెలుగు మాట ఎవరికి దగ్గరో చూడమన్నాం. పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు.

ఆ వాదనను జీవితకాలం పాటు శాస్త్రంగా చేసినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఒంగోలులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో డాక్టరేటు చేశారు. తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి వంటి భాషలను ఒక శాఖగా చూపిన పనిలో ఆయనది పెద్ద చేయి. అంటే ఒడిశా సరిహద్దు కొండల్లో, ఆదిలాబాదు అడవుల్లో మాట్లాడే భాషలు తెలుగుకు దగ్గరి చుట్టాలు. ఆయన 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు.

అంతకు ముందే ఆయన నడిపించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మాటలతో 1962లో వచ్చింది. అందులోని మాటలను పండితుల దగ్గర గాక ఊరూరా తిరిగి రైతుల దగ్గర సేకరించారు. ఒక చోట నాగలి అనేదాన్ని రాయలసీమలో మడక అంటారు. రెండూ తెలుగే. ఏది సరైనదని ఆ పదకోశం తగువు పెట్టుకోలేదు. ఎవరు, ఎక్కడ అంటారో రాసి పెట్టింది.

ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. భారతీయ భాషల మధ్య కంప్యూటరు చేత అనువాదం చేయించే పని అక్కడ జరిగింది. అది ఎంత కష్టమో ఒక చిన్న మాటతో చూద్దాం. తెలుగులో "మేము వెళ్తున్నాం" అంటే వినేవాడు రావడం లేదు. "మనం వెళ్తున్నాం" అంటే వినేవాడు కూడా వస్తున్నాడు. హిందీలో రెండింటికీ "హమ్" ఒక్కటే. హిందీ వాక్యం తెలుగులోకి మార్చేటప్పుడు కంప్యూటరు ఏది ఎంచుకోవాలి? తెలుగు తెలియకపోతే ఆ ప్రశ్నే తోచదు. కంప్యూటరు తెలియకపోతే జవాబు కట్టలేం.

నాలుగో గుమ్మం: చరిత్ర

నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. వాటిని నిలువురాళ్ళు అంటారు. మన పూర్వులు మెగాలిథిక్ కాలంలో, అంటే పెద్ద రాళ్ళతో సమాధులు, గుర్తులు కట్టుకున్న కాలంలో నిలబెట్టినవి అవి. విశ్వవిద్యాలయం చరిత్ర విభాగంలో ఆచార్యులుగా ఉన్న కె.పి. రావు ఆ చోటును ఏళ్ళ తరబడి పరిశీలించారు. అక్కడ ఒక రాతి మీద చెక్కిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని గుర్తించారు. 2025లో ముడుమాల్ పేరు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

ఇంకో వింత ఏమిటంటే, గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం ఆవరణలోనే అలాంటి పాత సమాధులు బయటపడ్డాయి. తవ్వకాల్లో కుండలు, ఇనుప వస్తువులు దొరికాయి. చరిత్ర చదివే పిల్లలు తరగతి గది నుంచి నడుచుకుంటూ పోయి చరిత్రను తవ్వగలిగిన చోటు అది. ఆ నేలకు ఎవరు స్థానికులో అడిగితే, కుండలు చేసిన ఆ మనుషుల పేర్లు కూడా మనకు తెలియవు.

ఒక బదిలీ పిల్లవాడి కథ

విశ్వవిద్యాలయం ముందు నుంచి పోయే రోడ్డు పేరు సి.ఆర్. రావు రోడ్డు. ఆయన పేరు మీద గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటరు శాస్త్రం మీద పనిచేసే ఒక ప్రత్యేక సంస్థ ఆ ఆవరణలోనే ఉంది.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖ ఉద్యోగి. ఆ ఉద్యోగం వెంట గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ బడులు మారి చివరికి విశాఖపట్నం చేరారు. అవును, ఆయన మీలాంటి బదిలీ పిల్లవాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి గణాంకశాస్త్రం నేర్చుకున్నారు.

1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని సంగతిని ఇలా చెప్పుకోవచ్చు. గోదాములో వెయ్యి బియ్యం బస్తాలున్నాయి. అన్నీ తూచలేం. ఇరవై తూచి, ఒక్కో బస్తా సగటున ఎంత ఉంటుందో అంచనా వేస్తాం. ఆ అంచనా నిజానికి ఎంత దగ్గరగా రాగలదు? తూచిన బస్తాల్లో ఉన్న సమాచారమే దానికి హద్దు పెడుతుందని ఆయన చూపించారు. ఒక పక్కకు మొగ్గని అంచనా పద్ధతి ఎంత తెలివైనదైనా ఆ హద్దు దాటలేదు. దీన్ని క్రామెర్-రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన జీవితంలో ఇంకో సంగతి మాకు చాలా ఇష్టం. యువకుడిగా కేంబ్రిడ్జి వెళ్ళింది పాత ఎముకలను కొలవడానికి. సూడాన్‌లో తవ్వి తీసిన మనుషుల ఎముకల కొలతలను లెక్కగట్టి, ఆ మనుషులు ఎవరికి దగ్గరివారో తేల్చడం అక్కడ పని. గణితం చదివిన మనిషికి చరిత్ర వాళ్ళ ఎముకల పెట్టె దగ్గర కొత్త లెక్కలు దొరికాయి.

బలం ఎక్కడ ఉంటుంది?

ఇప్పుడు నాలుగు గుమ్మాలనూ మళ్ళీ చూడండి. మందు స్ఫటికం రసాయన శాస్త్రంలో తయారవుతుంది, అది పనిచేసేది శరీరంలో. అనువాదం చేసే కంప్యూటరుకు వ్యాకరణం కావాలి. రాతి మీద గుంటలు నక్షత్రాలేనా అని తేల్చాలంటే చరిత్రకారుడికి ఖగోళం తెలిసినవాడు కావాలి. విభాగానికి విభాగం విడిగా గట్టిగా ఉండటం ఒక బలం. పక్క గుమ్మం తట్టి అడిగే అలవాటు ఉండటం అంతకన్నా పెద్ద బలం.

ఇందులోనే మీకు మేము చెప్పదలచుకున్న మాట ఉంది. మీలో చాలామంది మూడు భాషలు మాట్లాడతారు. పక్కింటివాళ్ళ పండుగలు తెలుసు. ఒకే వస్తువుకు నాలుగు ఊళ్ళలో నాలుగు పేర్లు విన్నారు. దాన్ని మీరు లోటుగా చెప్పుకుంటారు, "మాకు ఏదీ పూర్తిగా రాదు" అంటారు. తెలుగు అక్షరాలు రాయడానికి తడబడే పిల్లలు అలా అంటే మాకు బాధ వేస్తుంది. ఆ లోటు నిజమే, దాన్ని పూడ్చుకోవడానికి కష్టపడాలి. కానీ గుమ్మం దాటి అడగడం మీకు చిన్నప్పుడే అలవాటైంది. పరిశోధనకు కావలసిన అలవాట్లలో అది మొదటిది.

విశ్వవిద్యాలయాన్ని ఎలా చదవాలి?

ర్యాంకు చూడండి. ఆ తరువాత ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. మీకు ఇష్టమైన విభాగంలో వాళ్ళు ఏ ప్రశ్న మీద పనిచేస్తున్నారు? ఒక వాక్యంలో చెప్పగలరా?
2. ఆ ప్రశ్న మీద ఎంత కాలంగా పని జరుగుతోంది? ఒక్కరే చేస్తున్నారా, శిష్యులు కూడా ఉన్నారా?
3. పని ఎక్కడ జరుగుతుంది? పరిశోధనశాలా, గ్రంథాలయమా, పొలమా, ఊరా? ఆ చోట గంటల తరబడి ఉండటం మీకు ఇష్టమేనా?
4. పక్క విభాగంతో కలిసి చేసే పని ఏదైనా ఉందా?
5. ఆ పనిలో మీకు ముందే తెలిసిన ఊరు, భాష, వృత్తి ఏదైనా పనికొస్తుందా?

ఏ విశ్వవిద్యాలయమూ అన్నింటిలో సమానంగా గట్టిది కాదు. పెద్ద పేరున్న చోట మీ ప్రశ్నకు చోటు లేకపోవచ్చు. పేరు లేని చోట మీకు సరిపడే గురువు ఉండవచ్చు.

చివరగా

మా సర్వీసు మొదట్లో, ఈశాన్య రాష్ట్రంలోని ఒక బడిలో, పిల్లల ఇళ్ళలో వంటపాత్రలకు వాడే పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాళ్ళం. ఏడు భాషల మాటలు. బదిలీ వచ్చినప్పుడు ఆ పుస్తకం సామానులో ఎక్కడో పోయింది. అప్పుడు పెద్దగా అనిపించలేదు. పదకోశం కోసం ఊళ్ళు తిరిగినవాళ్ళ సంగతి చదివాక ఏం పోగొట్టుకున్నామో తెలిసింది. ఆ పిల్లలూ ఇప్పుడు అక్కడ లేరు, వాళ్ళకూ బదిలీలే.

ఆ అమ్మాయికి కొన్నాళ్ళ తరువాత జవాబు చెప్పాం. "స్థానికురాలివి కాకపోవచ్చు. అయినా నీ దగ్గర ప్రశ్న ఉంటే, అది పనిచేసే చోటు నీ చోటే." ఆమె నవ్వి, "అయితే మేము కాదు, మనం అనాలి టీచర్" అంది. తన కాగితంలో ర్యాంకుల పక్కన కొత్తగా ఒక గడి గీసి, దానికి "ప్రశ్న" అని పేరు పెట్టింది.

అభ్యాసం

1. మీ తరగతిలో ఎన్ని మాతృభాషలున్నాయో లెక్కపెట్టండి. "నీళ్ళు", "ఇల్లు", "రెండు" అనే మాటలను ఆ భాషలన్నింటిలో రాసి, ఏవి చుట్టాలో ఊహించండి.
2. మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడిగి, వాళ్ళ ఊళ్ళో వాడే వ్యవసాయం మాటలు పది సేకరించండి. ఊరి పేరు, తేదీ తప్పక రాయండి. ఆ పుస్తకాన్ని బదిలీ సామానులో వేయకండి, చేతి సంచీలో పెట్టుకోండి.
3. మీకు నచ్చిన ఒక విశ్వవిద్యాలయంలో ఒక విభాగాన్ని ఎంచుకొని, పై ఐదు ప్రశ్నలకు జవాబులు ఒక పేజీలో రాయండి.

కొత్త మాటలు

అధికరణ: రాజ్యాంగంలో అంకెతో గుర్తించే నియమం.
స్ఫటికం: కణాలు క్రమంగా పేర్చుకున్న గట్టి పదార్థం. ఉప్పు, పటికబెల్లం ఇలాంటివే.
మాండలికం: ఒక ప్రాంతంలో వాడే భాషారూపం.
ఉపాధ్యక్షులు: విశ్వవిద్యాలయాన్ని నడిపే ముఖ్య అధికారి.
గణాంకశాస్త్రం: కొన్నింటిని కొలిచి, అన్నింటి గురించి అంచనా వేసే శాస్త్రం.